ఒంటిగంటా పదికి ఒకే ఒక్క వస్తువు

భోజన విరామంలో జనానికి కళ గురించి, చరిత్ర గురించి ఉచితంగా నాలుగు మాటలు చెప్పే కార్యక్రమం పెట్టమని పైనుంచి చెప్పగానే నేను చేసిన మొదటి పని హాలు బుక్ చేయడం. మొదటి తప్పు కూడా అదే.

నేను ఒక చిన్న మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌ని. మా దగ్గర ఉన్నది పెద్ద సంగ్రహమేమీ కాదు. కొన్ని శిల్పాలు, నాణేలు, లోహపు సామాను, అచ్చు బొమ్మలు, ఓ గది నిండా కత్తులు. చుట్టుపక్కల అన్నీ ఆఫీసులే. ఒంటిగంటకి జనం ఆ ఆఫీసుల్లోంచి రోడ్డు మీద పడతారు, రెండింటికల్లా మళ్లీ లోపలికి పోతారు. ఆ గంటలో కొంచెం మాకు ఇస్తారేమో చూద్దామన్నది ఆలోచన. రెండేళ్లు నడిపాం. ఇలాంటిదే మొదలుపెట్టాలనుకునే వేరే మ్యూజియంల వాళ్లు అడుగుతుంటే ప్రతిసారీ ఫోన్లో చెప్పడం కంటే రాసి పెట్టడం మేలనిపించింది. విజయగాథలా రాయడం మాత్రం నా వల్ల కాదు. మొదటి మూడు నెలల్లో మమ్మల్ని చూసినవాళ్లెవరైనా ఆపేయమనే చెప్పేవాళ్లు.

హాల్లో మూడు నెలలు

వారం వారం గురువారం, ఒంటిగంట నుంచి ముప్పావుగంట. ఏసీ హాలు, ప్రొజెక్టర్, పెద్ద పెద్ద శీర్షికలు. 'దక్కను శిల్పకళ: ఒక పరిచయం', 'ప్రాచీన వాణిజ్యం' లాంటివి. మాట్లాడేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు, విషయంలో లోటు లేదు. ఒంటిగంటకి సగం హాలు ఖాళీ. ఎందుకంటే ఒంటిగంటకి ఆఫీసులో సీటు వదిలిన మనిషి ఒంటిగంటకే మా హాల్లో కూర్చోలేడు కదా. అంత చిన్న విషయం నాకు మూడో వారానికి గానీ తట్టలేదు. ఇక ఒంటిగంటా ముప్పై అయ్యేసరికి ఒక్కొక్కరే లేచేవారు. చీకట్లో వంగి వంగి నడుచుకుంటూ, తలుపు కిర్రుమనిపించి, అందరి మొహాల మీద ఎండ పడేసి వెళ్లిపోయేవారు. వేదిక మీద ఉన్నాయనకి అది అవమానంగా అనిపించేది. ఆయన వేగం పెంచేవాడు. స్లైడ్లు పరిగెత్తేవి.

ఓ రోజు బ్యాంకులో పనిచేసే ఒకావిడ వెళుతూ వెళుతూ ఆగి అంది: "బాగానే ఉంటోంది మేడమ్. కానీ నాకు ఒక్కసారి కూడా క్లైమాక్స్ తెలీలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదనను గానీ, ఆ మాట మాత్రం బాగానే గుచ్చుకుంది. జనం బోరు కొట్టి పోతున్నారని నేను అనుకుంటున్నాను. వాళ్లు పోతున్నది గడియారం చూసుకుని. మనం చెప్పే విషయం ఒంటిగంటా నలభై అయిదుకి పూర్తయ్యేలా తయారుచేసుకుని, ఒంటిగంటా ముప్పైకి వెళ్లిపోవాల్సినవాళ్లని పిలుస్తున్నాం.

ఇంకో సంగతి దీనికంటే పెద్దది. మ్యూజియంలో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన ఒక లెక్క ఉంది. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు సందర్శకులు ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో గమనించి 2001లో ప్రచురించారు. సగటు 27.2 సెకన్లు. మధ్యస్థం తీసుకుంటే 17 సెకన్లే. అంటే సగం సందర్భాల్లో 17 సెకన్లకి మించి చూడలేదు. మేము ఈ జబ్బుకి మందుగా ప్రసంగం పెట్టాం. తీరా చూస్తే మా హాల్లో కూర్చున్న మనిషి అసలు వస్తువుని చూసే సమయం సున్నా. గోడకి అవతలే శిల్పం ఉంది, ఇవతల దాని ఫొటో చూపిస్తున్నాం.

ఒక్క బొమ్మ

మార్చాలంటే పైవాళ్లని ఒప్పించాలి. "గ్యాలరీలో నిలబెట్టి మాట్లాడతారా? హాలు ఉండగా?" అన్నది మొదటి ప్రశ్న. "పాతిక నిమిషాలకి ఒక రాయి గురించి ఏం చెప్తారు?" అన్నది రెండోది. అప్పుడు నాకు అక్కరకొచ్చింది లండన్ నేషనల్ గ్యాలరీ కథ.

1939లో యుద్ధం మొదలవగానే ఆ గ్యాలరీ చిత్రాలన్నిటినీ ఊరు దాటించేశారు. 1941లో వాటిని వేల్స్‌లో మానోడ్ అనే చోట పలకరాతి గని లోపల భద్రం చేశారు. లండన్‌లో మిగిలింది ఖాళీ గోడలు. ఆ ఖాళీ గదుల్లో మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు 1939 అక్టోబరు 10న మధ్యాహ్నం కచేరీలు మొదలుపెట్టింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, భోజన విరామంలో. 1946 ఏప్రిల్ వరకు మొత్తం 1,698 కచేరీలు. (ఉచితం కాదు, షిల్లింగు టికెట్. మా పైవాళ్లకి ఆ ముక్క చెప్పలేదు.) నాకు కావలసింది దాని తర్వాతి భాగం. 1942లో జనం అడిగితే, బాంబుల భయం ఉన్నా, నెలకి ఒక్క చిత్రాన్ని గనిలోంచి తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు. ఆ వరుసలో మొదటిది ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన 'నోలి మే టాంజెరే'. అంత పెద్ద గ్యాలరీలో ఒక్క బొమ్మ. దాన్ని చూడటానికే జనం వచ్చారు.

వేల బొమ్మలున్నప్పుడు 17 సెకన్లు, ఒక్కటే ఉన్నప్పుడు దానికోసం ప్రయాణం. ఇంతకంటే వాదన నాకు అక్కర్లేకపోయింది. "సరే, రెండు నెలలు చూడండి" అన్నారు.

కొత్త పద్ధతి ఇది. ఒంటిగంటా పదికి మొదలు, ఒంటిగంటా ముప్పై అయిదుకి ముగింపు. మాట మధ్యలో ఉన్నా ముగింపే. ఒకే వస్తువు, దాని ముందే నిలబడి. పేరు కూడా మార్చాం, 'మధ్యాహ్నం మాట' అని. ప్రసంగం అంటే జనం ఆమడ దూరం పోతారు.

ఆ ముప్పై అయిదుని ఇనుప గీతలా పాటించడమే మొత్తంలో అన్నిటికంటే బాగా పనిచేసిందని ఇప్పటికీ అనుకుంటాను. వచ్చినవాళ్లకి తర్వాత తినడానికి టైముంటుంది, టెన్షన్ ఉండదు, మళ్లీ వారం వస్తారు. ఇంకా వినాలనుకున్నవాళ్లు ఆగి అడుగుతారు, వాళ్లతో మేం మాట్లాడతాం. వెళ్లేవాడు దొంగలా వెళ్లనవసరం లేదు.

రోమన్ నాణెం రోజు

ఒక టాక్ ఎలా నడుస్తుందో చెప్పాలంటే రోమన్ చక్రవర్తి టైబీరియస్ నాణెం రోజు చెప్పాలి.

నిజానికి నాణెం ఎంచుకోవడం తెలివితక్కువ పని. రెండు సెంటీమీటర్లు కూడా లేని వెండి బిళ్ల. దాని ముందు ఇరవై మంది నిలబడితే చూసేది ముందున్న ముగ్గురే. అందుకని నాణేనికి రెండు వైపులా ఫొటోలు తీయించి, క్యాలెండర్ కాగితమంత సైజులో అచ్చు వేయించి, అట్టకి అంటించి చేతుల్లో తిప్పాం. మళ్లీ ఫొటోల దగ్గరికే వచ్చావు కదా అని మీరు అనొచ్చు. తేడా ఉంది. చేతిలో ఫొటో, కళ్లెదుట అసలుది. ఫొటోలో చూసిన గీత అసలు దాని మీద ఎక్కడుందో వెతకడానికి మనిషి అద్దం మీదికి వంగుతాడు. మాకు కావలసింది ఆ వంగడమే.

మొదటి రెండు నిమిషాలు నేనేమీ మాట్లాడను. ఇది అందరికంటే ముందు నాకే కష్టం. రెండు నిమిషాల మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో గ్యాలరీలో నిలబడితేగానీ తెలీదు. తర్వాత మూడు ప్రశ్నలు. ఇక్కడేం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకా ఏం కనిపిస్తోంది? ఇవి నావి కావు. అబిగెయిల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అని ఇద్దరు చిత్రాలు చూడటం నేర్పడానికి తయారుచేసిన పద్ధతిలోవి. వాళ్ల పద్ధతిలో టీచరు సమాధానం చెప్పదు, జనమే చూస్తూ మాట్లాడుకుంటూ పోతారు. బొమ్మలకి అది చక్కగా సరిపోతుంది. నాణేలకీ శాసనాలకీ పూర్తిగా సరిపోదన్నది నా అనుభవం. ఎంతసేపు చూసినా నాణెం మీద ఉన్నది టైబీరియస్ అని కంటికి తెలీదు, అక్షరాలు చదవగలిగినవాళ్లు చెప్పాలి. చూస్తే తెలిసేది వేరు, చదివితే తెలిసేది వేరు. అందుకే మూడు ప్రశ్నలకీ కలిపి ఏడెనిమిది నిమిషాలే ఇచ్చి, తర్వాత నేను అందుకుంటాను.

ఆ రోజు నాణేనికి ఒక వైపు ఆకుల దండ పెట్టుకున్న మగ తల, రెండో వైపు చేతిలో కొమ్మ పట్టుకుని కుర్చీలో కూర్చున్న స్త్రీ. మగ తల మీద, సరిగ్గా చెంప దగ్గర, ఉలితో కొట్టినట్టు లోతుగా ఒక గాటు.

"ఈ గాటు ఏమిటి?" అని అడిగాను.

క్లైమాక్స్ తెలీలేదన్న బ్యాంకు ఆవిడ, ఆవిడే, వెంటనే అంది: "క్యాన్సిల్ చేశారు మేడమ్. మేం చెక్కు మీద గీత కొట్టినట్టు. ఇక ఇది చెల్లదు, లోహం కింద లెక్క."

వెనక నుంచి నగల పని చేసే ఒకాయన ఒప్పుకోలేదు. "అది కాదమ్మా. లోపల రాగి ఉందేమోనని కోసి చూశారు. పైకి వెండి పూత పూసి మోసం చేసేవాళ్లు ఎప్పుడైనా ఉంటారు."

నాకు నవ్వొచ్చింది. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో ఇలా గాట్లు పడ్డవి చాలా ఉన్నాయి. 1898లో పుదుక్కోట్టై ప్రాంతంలో దొరికిన నిధిలో 501 బంగారు నాణేలుంటే వాటిలో ఎక్కువ భాగానికి చక్రవర్తి తల మీదే దెబ్బ. ఎందుకు కొట్టారన్న దాని మీద పండితులు చెప్పినవాటిలో ముఖ్యమైన రెండు వాదనలు ఇవే. పరాయి రాజు బొమ్మని చెల్లకుండా చేయడం ఒకటి, లోహం పరీక్ష ఇంకోటి. ఏ పుస్తకమూ చదవకుండా, అయిదు నిమిషాల్లో, తమ తమ వృత్తుల్లోంచి ఆ రెండు వాదనల దగ్గరికీ ఇద్దరు మనుషులు వచ్చేశారు. నేను చెప్పబోయేది వాళ్లే చెప్పేశారు. నా నోట్సులో రెండు పేజీలు వృథా అయ్యాయి, అంతకంటే మంచి వృథా లేదు.

ఇక నేను కలిపింది కొంచెమే. ఇండియా, చైనా, అరేబియాలు ఏటా పది కోట్ల సెస్టెర్షియస్‌లు (అప్పటి రోమన్ నాణేలు) రోమ్ నుంచి లాగేసుకుంటున్నాయని, మన విలాసాలూ మన ఆడవాళ్లూ మనకి పెట్టే ఖర్చు ఇదీ అని రోమన్ రచయిత ప్లినీ గొణుక్కున్నాడు. అంతకుముందే, క్రీ.శ. 64లో, నీరో చక్రవర్తి నాణెం బరువు తగ్గించాడు. నీరోకి ముందు ఒక రోమన్ పౌను వెండికి 84 దెనారియస్‌లు (ఈ వెండి నాణేల పేరు అదే) కొట్టేవాళ్లు, నీరో 96 కొట్టించాడు. వెండి శుద్ధి కూడా తగ్గింది. ఈ లెక్క చెప్పగానే నగల పనాయన "చూశారా" అన్నట్టు అందరి వైపూ చూశాడు. టైబీరియస్ అంతకు ముందువాడు, అతని నాణేనికి నీరో చేసిన కల్తీతో సంబంధం లేదని నేను చెప్పే లోపే ముప్పై అయిదు అయింది. ఆపేశాను. పదకొండు మంది ఆగారు, ఆ మిగిలిన ముక్క వాళ్లకి చెప్పాను.

పాలరాయి

రెండో ఏడాదిలో నా తప్పు ఒకటి నలుగురి ముందు బయటపడింది.

మా దగ్గర అమరావతి శైలి శిల్పఫలకం ముక్క ఒకటి ఉంది. దాని లేబుల్ మీద 'పాలరాయి' అని ఉండేది. నేనూ అలాగే చెప్పాను. చెప్పడమే కాదు, కథ కూడా చెప్పాను. కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి 1797లో అమరావతి వెళ్లి అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బని చూశాడని, 1816లో మళ్లీ వెళ్లి సర్వే చేయించాడని, 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో అధికారి తవ్వి తీసిన ఫలకాలు మద్రాసు చేరాయని, 1859లో వాటిలో చాలా లండన్‌కి ఓడెక్కాయని, 1880లో బ్రిటిష్ మ్యూజియంకి అందాయని, 'ఇలియట్ మార్బుల్స్' అని పేరుపడ్డాయని. మార్బుల్స్ అంటే పాలరాయి. బాగా కుదిరింది అనుకున్నాను.

పక్కన ఒక పెద్దాయన. మాసిన తెల్ల చొక్కా, చేతులు బండబారిపోయి ఉన్నాయి. మామూలుగా ఏమీ మాట్లాడడు, వస్తాడు, వింటాడు, పోతాడు. ముప్పై అయిదు అయ్యాక నా దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అన్నాడు: "అమ్మా, ఇది పాలరాయి కాదు."

"మరి?"

"సున్నపురాయి. నాకు రాళ్లతోనే యాభై ఏళ్లు. మీ దగ్గర టార్చి లైటుందా?"

గార్డు దగ్గర ఉంది. పెద్దాయన దాన్ని రాయికి పక్క నుంచి, దాదాపు ఆనించినట్టుగా, ఏటవాలుగా పట్టుకోమన్నాడు. "పాలరాయి అయితే పంచదార పలుకుల్లా మెరుస్తుంది. ఇది చూడండి, మెరుపు లేదు. మెత్తగా, ఒకే తీరుగా ఉంది. అందుకే ఇంత సన్నటి పని పట్టింది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అమరావతి ఫలకాలు పల్నాటి సున్నపురాయి. సున్నపురాయీ పాలరాయీ రెండూ కాల్షియం కార్బొనేటే. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ సున్నపురాయి మళ్లీ స్ఫటికాలు కట్టి పాలరాయి అవుతుంది. పంచదార పలుకులు ఆ స్ఫటికాలే. ఇలియట్ నాటి వాళ్లు తెల్లగా ఉంది కదా అని మార్బుల్ అన్నారు, ఆ పేరు అలాగే అంటుకుపోయింది, అది మా లేబుల్ మీదికీ ఎక్కింది, నా నోట్లోకీ వచ్చింది.

తర్వాతి వారం నేను టాక్ మొదలుపెట్టే ముందు పోయిన వారం నేను తప్పు చెప్పానని చెప్పి, టార్చి వేసి చూపించాను. ఆ ఒక్క నిమిషం వల్ల జనానికి మా మీద నమ్మకం తగ్గుతుందని మా ఆఫీసులో ఒకరు భయపడ్డారు. నేను చూసింది మాత్రం ఆ తర్వాత జనం ఎక్కువ ప్రశ్నలు వేయడం. లేబుల్ మార్చడానికి మాత్రం అయిదు నెలలు పట్టింది. ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాయడానికి ఎన్ని సంతకాలు కావాలో ఇక్కడ రాయను, చదివేవాళ్లు మా రంగం వాళ్లయితే వాళ్లకి తెలుసు.

ఆ రోజు నేర్చుకున్న ఇంకో విషయం టార్చి. పక్క నుంచి వెలుతురు వేస్తే రాతి మీద ఉలి జాడలు, అరిగిపోయిన అక్షరాలు లేచి నిలబడతాయి. ఇప్పుడు రాతి వస్తువుల టాక్ అంటే గార్డు టార్చి తీసుకుని ముందే సిద్ధంగా ఉంటాడు.

కాళ్లు, చెవులు, కళ్లు

ఇవి చిన్న విషయాలు అనిపిస్తాయి కానీ జనం రావడం మానేసేది వీటి వల్లే.

బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో బెంజమిన్ గిల్మన్ అనే అధికారి 1916లో 'మ్యూజియం అలసట' గురించి ఒక వ్యాసం రాశాడు. ఒక మనిషిని వస్తువుల గురించి ప్రశ్నలు అడిగి, జవాబు వెతకడానికి అతను అద్దాల పెట్టెల ముందు ఎలా వంగుతున్నాడో, ఎలా సాగుతున్నాడో, ఎలా కూలబడుతున్నాడో ఫొటోలు తీయించాడు. అలసట మెదడుది కాదు, నడుముదీ మెడదీ అని ఆ ఫొటోలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మేం పాతిక మడత స్టూళ్లు తెప్పించాం. మొదట ఎవరూ తీసుకోలేదు, సిగ్గుపడ్డారు. ఒక రోజు నేనే ఒకటి తీసుకుని కూర్చుని మాట్లాడాను. ఆ తర్వాత స్టూళ్లు చాలలేదు.

రాతి నేల, ఎత్తు కప్పు ఉన్న గదిలో గొంతు పెంచితే మోత పెరుగుతుంది, మాట అర్థం కాదు. నడుముకి కట్టుకునే చిన్న మైక్ సెట్టు, తక్కువ వాల్యూమ్‌లో, జనాన్ని దగ్గరికి లాగి. అంతే.

వెలుతురు గురించి గొడవ పడ్డాం. రవివర్మ ముద్రణాలయం వాళ్ల రంగుల లితో ప్రింటు మీద టాక్. ఆ ముద్రణాలయం 1894లో బొంబాయిలో మొదలైంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద అచ్చు వేసి, ఒకదాని మీద ఒకటి పడేలా కాగితాన్ని మళ్లీ మళ్లీ నడిపేవాళ్లు. భూతద్దం పెడితే చీర రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కలు చూపించాలన్నదే నా ఆశ. కానీ కాగితం మీది బొమ్మకి మా రంగంలో పెట్టుకున్న హద్దు 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క). అంతకంటే వెలుతురైతే రంగు వెలుస్తుంది, వెలిసింది మళ్లీ రాదు. పెద్దవాళ్లకి ఆ చీకట్లో ఏమీ కనిపించలేదు, "లైటేయండి" అన్నారు. అక్కడ నేను టాక్ ఆపి లైటు గురించే మాట్లాడాను. నూనె రంగుల చిత్రం 200 లక్స్ దాకా తట్టుకుంటుందని, కాగితం, బట్ట తట్టుకోలేవని, అయిదు నిమిషాలు చీకట్లో ఉంటే కన్నే సర్దుకుంటుందని. నిజంగానే సర్దుకుంది. ఇప్పుడు కాగితం వస్తువుల రోజున జనాన్ని పక్క చీకటి గదిలోంచి నడిపించి తీసుకొస్తాం.

మాట్లాడేవాళ్లు

వినేవాళ్లకి ఉచితం, మాట్లాడేవాళ్లకి కాదు. ఇందులో నాకు రెండో మాట లేదు. "సేవాభావంతో వచ్చి మాట్లాడండి" అని పిలిస్తే వచ్చేవాళ్లు తయారవ్వకుండా వస్తారు, వాళ్లని తప్పు పట్టడానికీ మనకి నోరు ఉండదు. చిన్న పారితోషికమైనా ఇచ్చి, ముందు రోజు అదే వస్తువు ముందు రిహార్సల్ చేయించాం. రిహార్సల్‌కి శ్రోత మా గార్డు. ఆయన మొహంలో ప్రశ్న కనిపించిన చోటల్లా ఆపి మళ్లీ చెప్పించాం. ఒక టాక్‌లో చెప్పే సంవత్సరాల అంకెలు మూడుకి మించకూడదని కూడా ఒక నియమం పెట్టాను. పైన అమరావతి గురించి నేను చెప్పిన వాక్యంలో అయిదున్నాయి. దానికి నాకు శిక్ష పడిందిగా.

బాగా మాట్లాడినవాళ్లలో చరిత్ర చదివినవాళ్లు సగమే. బిద్రీ పనితనం (నల్లటి లోహంలో వెండి పొదిగేది) ఉన్న హుక్కా అడుగు భాగం గురించి మాట్లాడింది కెమిస్ట్రీ లెక్చరరు. ఆ వస్తువుని ఎంచింది గార్డు. పిల్లలు ఎక్కువగా ఆగేది అక్కడేనని, "ఇంత నల్లగా ఎలా వచ్చింది?" అని అడిగేది కూడా దాన్నేనని ఆయనే చెప్పాడు. ఎక్కువ భాగం యశదం (జింకు), కొంచెం రాగి కలిపి పోత పోస్తారు, వెండి తీగ పొదుగుతారు. నవాసాగరం అనే ఉప్పు, బీదరు కోట మట్టి కలిపిన ముద్ద వేడిగా పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. మూడు వాక్యాల సంగతి. లెక్చరరు దాన్ని పాతిక నిమిషాలు నడిపాడు, ఒక్కరూ కదల్లేదు. ఎందుకంటే నల్లబడే భాగం దాకా రావడానికి ముందు, ఏది నల్లబడాలి, ఏది పడకూడదు అన్నది జనం చేతే చెప్పించాడు.

పేరున్న వక్త ఒకాయన నలభై నిమిషాలైనా ఆపలేదు. ఆయన్ని మళ్లీ పిలవలేదు. దానికి నాకు మాట పడింది, పడనిచ్చాను.

లెక్కలు, కుదరనివి

మొదట్లో ఆన్‌లైన్‌లో పేరు నమోదు పెట్టాం. పేరు ఇచ్చినవాళ్లలో సగం మంది కూడా వచ్చేవారు కాదు. డబ్బు పోదు కాబట్టి నమోదు చేసుకోవడం తేలిక, మానేయడం ఇంకా తేలిక. అదే సమయంలో నమోదు అయిపోయిందనుకుని కొందరు గేటు దాకా వచ్చి వెనక్కి పోయారు. తీసేశాం. గేటు దగ్గర ఒక బోర్డు, ఆ వారం వస్తువు పేరు కాకుండా ఒక ప్రశ్న. 'ఈ నాణెం చెంప మీద గాటు ఎవరు పెట్టారు?' ఇలా. బోర్డు చదివి లోపలికి వచ్చినవాళ్లు ప్రతి వారం ఉన్నారు.

నెలాఖరు రిపోర్టులో ఎంతమంది వచ్చారన్నది రాయాలి, రాస్తాం. నేను నా నోట్‌బుక్‌లో రాసుకునేది వేరే. ఒంటిగంటా ముప్పై అయిదు తర్వాత ఎంతమంది వస్తువు వైపు తిరిగారు, ఎంతమంది తలుపు వైపు తిరిగారు. తలుపు వైపు తిరిగినా తప్పు లేదు, ఆకలి ఉంటుంది. కానీ వస్తువు వైపు తిరిగేవాళ్లు ఒక్కరూ లేని రోజున మాట బాగా సాగినా టాక్ చెడిపోయినట్టే నాకు లెక్క. కత్తుల గది టాక్‌లు అలాగే అయ్యాయి. జనం ఎక్కువ వచ్చారు, యుద్ధాల కథలు విన్నారు, కత్తిని చూడలేదు. కత్తుల మీద ఎలా మాట్లాడాలో ఇంకా కుదరలేదు. తాపీగా చూస్తే ఉక్కు మీద నీటి అలల్లాంటి నమూనా కనిపిస్తుంది, దాని దగ్గర మొదలుపెట్టాలేమో.

రాళ్ల పెద్దాయనని ఒక గురువారం మాట్లాడమని ఏడాదిగా అడుగుతున్నాను. "నేను నిలబడి ఉపన్యాసం చెప్పలేనమ్మా" అనేవాడు. పోయిన నెల ఏమనుకున్నాడో, "రాయి పక్కన కూర్చుని అయితే చెప్తాను, అదీ మీరు అడుగుతుంటే" అన్నాడు. ఫలకం దగ్గర రెండు స్టూళ్లు, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఇద్దరం కూర్చుంటే వెనకవాళ్లకి రాయి కనిపించదన్నది ఒక్కటే సమస్య. జనాన్ని రెండు వైపులా నిలబెట్టి, టార్చి తను పైనుంచి పట్టుకుంటానని గార్డు అంటున్నాడు. ఏటవాలుగా పట్టుకోవాలని పెద్దాయన అప్పుడే ఆయనకి నేర్పిస్తున్నాడు.